నౌపడ ఉప్పు, క్వినైన్ నీలం

క్వినైన్ నీలి వెలుగు మందగించడానికి చిటికెడు నౌపడ ఉప్పు చాలు. పలచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో క్వినైన్ (అదే, మన్యం జ్వరాల మందు) కరిగించి, అతినీలలోహిత దీపం కింద పెట్టి ఉప్పు వేస్తే, డిగ్రీ పిల్లలు "మందు పాడైపోయిందా మాస్టారూ?" అంటారు. లేదు. క్లోరైడ్ అయాన్లు ఉత్తేజిత అణువులకి తగిలి, వెలుగివ్వకుండానే వాటిని కిందికి దింపేస్తున్నాయి.

అసలు రుచి లెక్కలో ఉంది. ఉత్తేజిత అణువు ఆయుష్షు సుమారు 20 నానోసెకన్లు. దీపం వేశామో లేదో, పుట్టేవీ పోయేవీ సమానమైపోతాయి. నారాయణపురం ఆనకట్ట దగ్గర నాగావళి మట్టం కదలనట్టుంటుంది చూడండి, నీరు ఆగి కాదు, వచ్చినంతా పోతోంది గనక. ఉత్తేజిత అణువుల గాఢత మార్పు రేటు సున్నా అనేస్తే అవకలన సమీకరణం కాస్తా మామూలు భాగహారం. 1913లో బోడెన్‌స్టైన్ వాడిన ఈ స్థిరస్థితి ఉజ్జాయింపుతో, ఉప్పు గాఢతకి వెలుగు ఎంత తగ్గుతుందో చెప్పే 1919 నాటి స్టెర్న్-వోల్మర్ సరళరేఖ రెండు వరసల్లో వచ్చేస్తుంది.

గైడ్లు మాత్రం "సున్నా అనుకొనుము" అని తోసేస్తాయి. సున్నా గాఢత కాదర్రా, అది మారే వేగం! ఆగకుండా వెలిగే దీపం బదులు పికోసెకను లేజర్ మెరుపు కొడితే ఆ సున్నా కూడా చెల్లదు. అక్కడ వెలుగు తగ్గే తీరునే కొలుచుకోవాలి.