గోడకు ఆనుకుని నిద్రించిన బాలుడు

మా మద్రసాలో హిఫ్జ్ చేస్తున్న పదిహేనేళ్ల విద్యార్థి ఒకడు దాదాపు నెల రోజులు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రించాడు. పడుకుంటే ఊపిరి అందటం లేదన్నాడు. ఫజ్ర్‌కు ఆలస్యంగా లేచేవాడు. సబఖ్ సగంలోనే ఆపేసేవాడు. పాతికేళ్లుగా పిల్లల సాకులు విన్నవాణ్ణి కనుక, ఇదీ అటువంటిదేనని భావించాను. రెండుసార్లు అందరి ఎదుట మందలించాను కూడా.

సాయంత్రం వచ్చే జ్వరానికి ఆర్‌ఎంపీ వద్ద మాత్రలు ఇప్పించాను. కాళ్లు వాచి, మెడ నరాలు ఉబ్బిన తరువాతగానీ పెద్దాసుపత్రికి తీసుకుపోలేదు. గుండెకు స్కానింగ్ చేసిన డాక్టరమ్మ ఓపికగా వివరించారు. గుండెను రెండు పొరల సంచి ఒకటి కప్పి ఉంటుంది. ఆ పొరలు ఒరుసుకోకుండా వాటి మధ్య 15 నుండి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉంటుంది. ఈ బాలుడి విషయంలో క్షయ క్రిములు అక్కడికి చేరాయి. నీరు నిండి, గుండె విప్పారేందుకు చోటే లేకుండా పోయింది. పడుకున్నప్పుడు ఆయాసం అందుకే.

క్షయ అంటే దగ్గు, ఊపిరితిత్తులు అనే నాకు తెలుసు. క్షయరోగులలో నూటికి ఒకరిద్దరికి మాత్రమే ఇలా జరుగుతుందట. న్యుమోనియా నుండి చీము ఆ సంచిలోకి పాకటం ఇంకా అరుదు. చికిత్స అందకపోతే అది కొద్ది రోజుల్లోనే ప్రాణం తీస్తుంది.

1162లో మరణించిన అందలూసియా వైద్యుడు ఇబ్నె జుహ్ర్ ఈ సంచికి వచ్చే వ్యాధిని తన గ్రంథంలో వర్ణించారు. ఆయన పేరును తరగతిలో ఎంతో గర్వంగా చెప్పేవాణ్ణి. నా కళ్లెదుట ఉన్న రోగిని మాత్రం గుర్తించలేదు.

సూదితో అర లీటరుకు పైగా ఎర్రని నీరు తీశారు. ఆ రాత్రి బాలుడు వెల్లకిలా పడుకున్నాడు. నన్ను చూసి మెల్లగా అడిగాడు: “సాకు కాదు కదా, హజ్రత్?”

నేను అతని తల నిమిరి క్షమాపణ అడిగాను. మరునాడు అతని అమ్మీ ఎదుట మళ్లీ అడిగాను.

మందులు ఆరు నెలలు వాడాలి. కాస్త కోలుకోగానే మానేస్తే రోగం తిరగబెడుతుంది. వాడినా కొందరికి ఆ సంచి గట్టిపడి గుండెను బిగించేస్తుంది. అప్పుడు శస్త్రచికిత్స తప్పదు. అందుకే పరీక్షలకు నేనే వెంటబెట్టుకు వెళుతున్నాను.

నాలుగో నెలలో రమజాన్ వచ్చింది. ఉపవాసం ఉంటానని పట్టుబట్టాడు. రోగికి ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపును వివరించి, డాక్టరమ్మ అనుమతించాక ఖజా చేద్దువుగాని అన్నాను. అలిగాడు. ఉదయం మాత్రలు నా ఎదుటే మింగించాను.