మత్తిగిరి దాపున మామగారి మంద

హోసూరు పక్కన మత్తిగిరిలో 1824 నాటి ప్రభుత్వ పశుక్షేత్రం ఉన్నది. దాని దాపున మా మామగారు అరెకరం నేల కొని, ఉద్యోగం విరమించాక వేడుకకొద్దీ నాలుగు గొర్రెలను, రెండు మేకలను పెంచుతున్నారు. గొర్రెలు మైసూరు వైపు బన్నూరు జాతివి: పొట్టి కాళ్లు, గుండ్రని మెయి, కొమ్ములుండవు. బేరం కన్నడంలో, చీటీ తమిళంలో, మందను పిలవడం మాత్రం తెలుగులో! హోసూరు వారికిది వింత కాదు.

గొర్రె తల వంచి గడ్డి మేస్తుంది, మేక ముందుకాళ్లెత్తి ఆకు అందుకుంటుంది. అందువల్ల రెంటికీ మేతకు తగవు లేదు. మునగమొక్కలకు మాత్రం కంచె వేయక తప్పలేదు.

అసలు భయం తొలకరి లేతపచ్చికతోనే. ఆబగా మేసిన బలిసిన పిల్లే చిటుకురోగంతో రాత్రికి రాత్రి పడిపోతుంది. క్రిందటేడు పక్కతోటలో మూడు అట్లే పోయాయి. మామగారు ఈ ఏడు వానలకు ముందే టీకా వేయించారు. అయినా ఉదయం కొంత ఎండుగడ్డి పెట్టిగాని మంద తోలరు.

"టీకా వేయించారుగదా, మామయ్యగారూ?" అన్నాను.

"ఆకలిగొన్న గొర్రెకు అదుపెక్కడిది, అల్లుడుగారూ?" అన్నారు.

ఆ రాత్రి జల్లు కురిసింది. రెండు జాములవేళ ఆయన టార్చి పట్టుకొని పాకలోకి వెళ్లి, ఆరింటినీ తట్టి లేపి చూసి వచ్చారు.