లాగిన్ పేజీ దాటని స్టార్టప్

ఓ కంపెనీ పెడదామని నేను మూడేళ్ళ నుంచీ అనుకుంటున్నాను. ఇప్పటిదాకా తయారైంది లాగిన్ పేజీ ఒక్కటే. అదీ మూడుసార్లు! మొదట యాంగ్యులర్‌లో, తర్వాత రియాక్ట్‌లో, ఈమధ్య వ్యూలో. కొత్త ఫ్రేంవర్క్ కనబడగానే పాతది చెత్తలా అనిపించడం మన జాతి లక్షణం కదా. రాజీనామా ఉత్తరం మాత్రం ఒక్కసారికే బాగా కుదిరింది, డ్రాఫ్ట్స్‌లో ఉంది.

సరే, విషయానికొస్తే... నేను కడుతున్నది కిరాణా కొట్లవాళ్ళు అరువు పద్దులు రాసుకోడానికి. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళి, కొట్టు నడిపే మా బాబాయికి గొప్పగా చూపించాను. ఆయన కాసేపు చూసి, "బావుందిరా. కొట్టు నిండా జనం ఉన్నప్పుడు, పంచదార తూస్తూ ఇందులో ఎలా రాయాలి?" అన్నాడు. నోరు పెగల్లేదు. మూడేళ్ళలో ఒక్కపూటైనా ఆ కొట్లో కూర్చుంటే కదా!

రెడ్‌బస్ గుర్తొచ్చింది. 2005 దీపావళికి బెంగుళూరు నుంచి ఇంటికెళ్ళడానికి టికెట్ దొరక్క ఫణీంద్ర సామాకి వచ్చిన ఆలోచన అది. 2006లో మొదలెట్టారు. ముందు బస్సు ఆపరేటర్లకి సాఫ్ట్‌వేర్ ఇస్తామంటే వాళ్ళు ఆసక్తి చూపలేదు. దాంతో తామే టికెట్లు అమ్మిపెట్టడం మొదలెట్టారు. వెళ్ళి అడిగారు కాబట్టే దారి మార్చుకోగలిగారు.

వచ్చే నెల పదిరోజులు సెలవు పెట్టా. లాప్‌టాప్ ఇక్కడే వదిలేసి కొట్లో కూర్చుంటా. ఆ తర్వాత కూడా ధైర్యం మిగిలితే, ఇంటి ఈఎంఐ సంగతి మా ఆవిడతో మాట్లాడాలి. అసలు డెమో అదే!