మురుగు నుంచి మల్లె దాకా

మస్కట్‌లో చలికాలం వచ్చిందంటే రోడ్ల మధ్య పెటూనియా పూలు తివాచీ పరిచినట్టుంటాయి. పోయిన చలికాలం నల్గొండ జిల్లా నుంచి మా నాన్న వచ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటిదాకా కారు కిటికీలోంచి ఆ పూలనే చూశాడు. కొండలు బాగున్నాయనో, మసీదు బాగుందనో అంటాడనుకున్నాను. "వానలే లేని ఊళ్లె ఈ పూలకు నీళ్లేడికెల్లి వస్తున్నయిరా?" అన్నాడు.

ఇన్నేళ్లుగా ఇక్కడ కంప్యూటర్లతో కుస్తీ పడుతున్న నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. ఆరా తీస్తే తెలిసింది, అదంతా మనం వాడి వదిలేసిన నీరేనట! తెలిసిన ఇంజనీరు ఒకాయన పుణ్యమా అని, ఒక శుక్రవారం నాన్నను అన్సబ్ తీసుకెళ్లాను. ఊరి మురుగునీటిని శుద్ధి చేసే పెద్ద కేంద్రం అక్కడుంది. హయా వాటర్ సంస్థ కట్టించింది, ఇప్పుడది నామా వాటర్ సర్వీసెస్‌లో భాగం. పక్కనే శుద్ధి చేసిన నీటి మడుగులు, రెల్లు, కొంగలు, బాతులు. వాసన వస్తుందని జేబురుమాలు తీసిన నేను సిగ్గుపడి మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

లోపలి కిటుకు మెంబ్రేన్‌ది. మురుగులోని మలినాన్ని ముందు సూక్ష్మజీవులు తినేస్తాయి. తర్వాత ఆ బురదనీటిలోనే నిలబెట్టిన పల్చటి పొరల గుండా నీటిని లాగుతారు. పొరలోని రంధ్రాలు మైక్రాన్‌లో సగం కూడా ఉండవు కాబట్టి మామూలు బాక్టీరియా అవతలికి దాటలేదు. మా భాషలో చెప్పాలంటే అదొక ఫైర్‌వాల్. బురద అంటుకుని పొర మూసుకుపోకుండా కింద నుంచి గాలి బుడగలు వదులుతూ ఉంటారు. నీరు మొక్కలకు వెళుతుంది, చిక్కటి బురద మిగులుతుంది.

"మరి ఆ బురద పారబోస్తరా?" అన్నాడు నాన్న. రైతు కదా, అసలు సంగతి అక్కడే పట్టుకున్నాడు.

పారబోయరు. నీరు పిండేసి, అమెరాత్ వైపు ఉన్న కంపోస్టు కేంద్రానికి పంపుతారు. అక్కడ చెట్ల కొమ్మలు, ఆకుల తుక్కుతో కలిపి గుట్టలుగా పోసి తిరగేస్తారు. గుట్ట లోపల వేడి 55 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తే రోగకారక క్రిములు చస్తాయి. నత్రజని, భాస్వరం, సేంద్రియ పదార్థం ఎరువుగా మిగులుతాయి. దాన్ని 'కలా' పేరుతో అమ్మకానికి తెచ్చారు. అయితే సీసం, కాడ్మియం లాంటి లోహాలు వేడికి పోవు. అందుకే వాటికి హద్దులు పెడుతూ ఒమన్‌లో 1993లోనే నిబంధనలు వచ్చాయి.

ఒక బస్తా ఇంటికి తెచ్చాం. మా ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. "మామయ్యా, దేవుడికి పెట్టే మల్లెలకు ఇదా?"

నాన్న నవ్వాడు. "మన పెంటకుప్పల ఏముండె బిడ్డా, అత్తరా?"

చివరికి రాజీ కుదిరింది. కరివేపాకు జోలికి పోవద్దు, మల్లెకు మాత్రం వెయ్యొచ్చు. ఇసుక మట్టిలో వాడిపోయి ఉన్న ఆ మొక్కకు నాన్న తన చేత్తోనే పాదు చేసి ఎరువు కలిపాడు. కలుపుతూ, తలెత్తకుండానే అన్నాడు: "ఎడ్లు అమ్మినంక మన చేన్ల పెంట పడలేదురా. బస్తాల మందే. నేల గట్టిపడ్డది."

ఎడ్లు అమ్మింది నా ఎమ్మెస్సీ ఫీజుకే. ఆయన ఆ మాట అనలేదు. నేనూ అనలేదు.

భాస్వరం గనుల్లో తవ్వుకోవలసిన ఖనిజం. మన దేశానికి కావలసిన దానిలో ఎక్కువ భాగం బయటి నుంచి కొంటున్నాం. అదే భాస్వరాన్ని రోజూ మురుగులో వదిలేస్తున్నాం. ఇక్కడివాళ్లకు నీటి విలువ కొత్తగా నేర్పక్కర్లేదు. 2006లో యునెస్కో గుర్తించిన ఫలజ్ కాలువల్లో వందల ఏళ్లుగా అదే వరస: ముందు తాగడానికి, తర్వాత స్నానాలకు, ఆఖరున ఖర్జూరాలకు. మనకూ తెలియంది కాదు. ఎండాకాలం చెరువు ఎండితే పూడిక మట్టి చేలకు తోలేవాళ్లం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ ఆ మట్టిని రైతులే తోలుకున్నారు.

నాన్న వెళ్లిపోయిన రెండు నెలలకు మల్లె పూసింది. మొదటి పూలు మా ఆవిడ జడలో పెట్టుకుంది. మర్నాడు చూస్తే దేవుడి దగ్గరా ఉన్నాయి! ఫోన్లో చెబితే నాన్న ఒక్కటే అడిగాడు: "మన చేను గూడ గట్ల లేస్తదంటవా?"

ఈసారి సెలవులు ఎండాకాలంలో పెట్టాను. ట్రాక్టర్ మాట్లాడమని నాన్నకు చెప్పాను.