మధ్యలో మానకండి

నాకు ఉద్యోగం పోయిందంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఉంది. నాకు ఉద్యోగం ఉందనే వాళ్లు ఏనాడూ నమ్మలేదు!

బి.కొత్తకోటలో మా మిద్దెమీది గదే నా ఆఫీసు. కిటికీ తెరిస్తే హార్సిలీ కొండలు. జీతమిచ్చే సేవాసంస్థ ఎక్కడో ఢిల్లీలో. క్షయరోగులకు ఫోను చేసి మందు వేసుకున్నారా అని అడగడం నా పని. మామూలు క్షయకు 6 నెలలు మందు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్లు తేలికపడుతుంది. నయమైందనుకుని కొందరు అక్కడే మానేస్తారు. అప్పుడు జబ్బు మొండికెత్తుతుంది. అందుకని పొద్దుటినుంచి సాయంత్రందాకా, "మధ్యలో మానకండి" అనడమే నా పాట.

పక్కింటి పెదనాయన అరుగుమీద కూచుని, "ఏమిరా, ఇంట్లో కూచోని ఫోన్లో మాట్లాడితే జీతమిస్తారా?" అనేవాడు.

నాకు మాత్రం లోలోపల గర్వమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915లో తెరిచారు. 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైనప్పుడు తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. అంత పెద్ద కథలో నేనూ ఒక చిన్న గుమాస్తాను గదా!

2025 జనవరి 20న అమెరికాలో విదేశీ సహాయాన్ని 90 రోజులు ఆపుతూ ఉత్తరువు వెలువడింది. మా సంస్థకు వచ్చే సొమ్ములో పెద్దవాటా అక్కడిదే. ఫిబ్రవరిలో ఒకనాడు కంప్యూటరు తెరమీద 11 మందిమి కూడాం. పావుగంటలో అందరి కొలువులూ ముగిశాయి. రోగుల పేర్లున్న ఆ కంప్యూటరును కొరియరులో పంపేశాను.

నాన్న పింఛనుతో ఇల్లు ఎలాగో గడిచింది. వారం తిరిగేసరికి ఒక పెద్దావిడ తానే ఫోను చేసింది.

"ఏం నాయనా, నువ్వు అడగనే లేదే! మందు ఇంక చాలునా?"

నా గుండె గుభేలుమంది. "అయ్యో, చాలదమ్మా! ఇంకా రెండు నెలలుంది. సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. మధ్యలో మానొద్దు," అన్నాను.

అరుగుమీదినుంచి పెదనాయన, "జీతం లేకపోయినా మాట్లాడుతున్నావే!" అన్నాడు. ఆయన గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

ప్రతి సోమవారం ఆవిడకు ఫోను చేశాను. ఏప్రిల్లో ఆమె మందు పూర్తయింది. మిగతావాళ్ల నంబర్లు కంప్యూటరుతోపాటే వెళ్లిపోయాయి.