ఉత్తరం పోయింది

నేనేం ఉద్యోగం వెలగబెడుతున్నానో మా అత్తగారికి ఇరవయ్యేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. కంపెనీ అన్నాను, కంప్యూటరన్నాను, సర్వరన్నాను. ఆవిడ ఓపిగ్గా విని విని, ఒకనాడు తనే తేల్చేసింది: "గింతేనా! మీ మామ చేసిన పనే గదా."

ఆలోచించి చూస్తే అంతే. మామగారు బతికున్నన్నాళ్ళూ సిర్గాపూర్ చుట్టుపక్కల పల్లెల్లో సైకిలు మీద తిరిగి ఉత్తరాలు పంచారు. నేను హైదరాబాదులో, బాలానగర్ వైపు యంత్రభాగాలు చేసే ఒక కంపెనీలో, చల్లని గదిలో కూర్చుని ఉత్తరాలు పంచుతాను. మూడు వందల మంది ఉద్యోగుల ఈమెయిళ్ళు లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా నా చేతి కింది యంత్రాలగుండానే. కంపెనీ పేరు అడక్కండి. జరిగిన తప్పు నాది. దాని పేరెందుకు రచ్చకెక్కించడం?

సిర్గాపూర్ సంగతి కొంచెం చెప్పాలి. సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్ ఆవల ఉంటుంది. 2016లో జిల్లాలు పంచినప్పుడు మండలమైంది. ఇటు కర్ణాటక, అటు మహారాష్ట్ర దగ్గరే కనుక సంతలో నిలబడితే నాలుగు భాషలు చెవిన పడతాయి. మా ఆవిడ పుట్టిల్లు అక్కడే. ఇంట్లో అత్తగారూ, మా బావమరిదీ, వాళ్ళ కుటుంబమూ ఉంటారు. బావమరిది పెద్ద కూతురు పాలిటెక్నిక్ డిప్లొమా చదివింది. మొన్న ఆగస్టులో మా కంపెనీవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకుంటామంటే దరఖాస్తు పెట్టుకుంది, ఇంటర్వ్యూకు వచ్చి వెళ్ళింది. నేను సిఫారసు చేయలేదు. చేసినా వినే హోదా నాకు లేదనుకోండి. "ఎంపికైతే ఈమెయిలు వస్తుంది" అని చెప్పి పంపారు.

సెప్టెంబరు సగమైనా ఈమెయిలు రాలేదు. బావమరిది ఫోను చేశాడు. "బావా, పిల్ల పొద్దుమాపు ఫోనే చూస్తున్నది. జెర నువ్వన్న చూడరాదు?"

చూశాను. సర్వరు తను చేసిన ప్రతి పనినీ గంటా నిమిషాలతో సహా రాసిపెట్టుకుంటుంది. దాన్ని లాగ్ అంటారు. తొడుక్కునేది కాదు, మన కిరాణా కొట్టు చిట్టా లాంటిది. అందులో పిల్ల చిరునామా వెతికితే ఎదురుగా కనిపించింది: ఉత్తరం పంపడమైనది, పక్కనే 250 అన్న అంకె. మా భాషలో 250 అంటే "ముట్టింది" అని. అంటే ఎంపికైందన్నమాట! సంతోషంగా ఫోను చేసి, "ఉత్తరం మా దగ్గర్నుంచి పోయింది బావా. పిల్ల చిరునామా తప్పు రాసుంటుంది, లేదా పొరపాటున చెరిపేసుకుని ఉంటుంది. సరిగా చూసుకోమను" అన్నాను. నా మాటల్లో కాస్త విసుగు కూడా ఉంది. ఇటువంటి ఫిర్యాదులు నాకు రోజూ వస్తాయి. పదింట తొమ్మిది అవతలివాళ్ళ పొరపాట్లే. ఆ తొమ్మిదీ చూసి చూసి పదోదాన్ని కూడా అదే గాటన కట్టేయడం మా వృత్తివాళ్ళకున్న జబ్బు.

గురువారం దసరా. బుధవారం రాత్రికే సిర్గాపూర్ చేరాం. ఎప్పుడు వెళ్ళినా "మామా" అంటూ ఎదురొచ్చే పిల్ల మంచినీళ్ళ చెంబు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పండుగనాటి సాయంత్రం అందరికీ జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కింది. నాకూ పెట్టింది, నాకూ మొక్కింది. మాట మాత్రం లేదు. మా ఆవిడ చాటుకు పిలిచి అసలు సంగతి చెప్పింది. నేను ఫోనులో అన్న మాటలు పట్టుకుని మా బావమరిది కూతుర్ని నానా తిట్లూ తిట్టాడట. చేతికొచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నావన్నాడట, నీకు చదువెందుకన్నాడట. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదట.

ఆ రాత్రి అత్తగారు మంచంమీద కూర్చుని నెమ్మదిగా అడిగింది. "ఉత్తరం పోయింది పోయింది అంటివి గదా బిడ్డా. పోయిందంటే ముట్టినట్టా, పారవోయినట్టా?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడే మళ్ళీ, "మీ మామ ఉత్తరం చేతికిచ్చి, సదువురానోళ్ళకు సదివి ఇనిపించి వచ్చేటోడు. ఇంట్ల మనిషి లేకుంటే మల్లా పోయేటోడు" అంది. దెప్పుడు కాదు; తనకు తెలిసింది చెప్పింది, అంతే.

నిద్ర పట్టలేదు. తెల్లవారక ముందే లాప్‌టాప్ పుచ్చుకుని డాబా ఎక్కాను. ఆ ఇంట్లో సిగ్నలు సరిగా దొరికేది అక్కడే. సెల్‌ఫోను ద్వారా ఆఫీసు యంత్రాలను పట్టుకున్నాను.

ఇక్కడ మా ఏర్పాటు కాస్త చెప్పకపోతే మీకు బోధపడదు. మావి రెండు అంచెలు. లోపలి యంత్రాలు ఉత్తరం తయారుచేసి గేటు దగ్గరి సర్వరుకు అప్పజెబుతాయి. గేటు సర్వరు దాన్ని తీసుకుని లోకంలోకి వెళుతుంది. నేను ఆనాడు చూసింది లోపలి యంత్రం చిట్టా మాత్రమే. అందులో 250 అని ఉన్నమాట నిజమే. కాని ఆ "ముట్టింది" అన్నది పిల్ల కాదు, మా గేటు సర్వరే! సిర్గాపూర్ ఉత్తరాన్ని నారాయణఖేడ్ తపాలా సంచిలో వేసి, చిట్టాలో "ముట్టింది" అని రాసుకున్నట్టు. అసలు 250 అర్థమే అంత: "దీని పూచీ ఇక నాది, చేర్చలేకపోతే కబురు చేస్తాను" అని ఒక యంత్రం మరో యంత్రానికి ఇచ్చే మాట.

గేటు సర్వరు చిట్టా తెరిచాను. పిల్ల ఉత్తరం జీమెయిలు గడప దాకా వెళ్ళింది. అక్కడ 550 అన్నారు. ఆ అంకె చూస్తే నాబోటివాడికి గుండె జారుతుంది. నాలుగుతో మొదలయ్యే అంకె వస్తే "ఇప్పుడు కాదు, తర్వాత రా" అని. సర్వరు చాలా రోజులు తిరిగి తిరిగి వెళుతుంది. అయిదుతో మొదలైతే "నీకిక్కడ చోటులేదు, పో" అనే. కారణం కూడా పక్కనే రాశారు: పంపినవాడు ఎవరో రుజువు లేదు.

ఈ రుజువు గొడవ మొదట్లో లేదు. ఈమెయిళ్ళ రాకపోకలకు 1982లో నిబంధనలు రాసిన అమెరికా ఆయన పేరు జాన్ పోస్టెల్. పేరులోనే పోస్టు ఉంది చూడండి! ఆ రోజుల్లో "నేను ఫలానా" అంటే నమ్మేవారు. ఏ పేరుతో ఎవరు రాసినా వెళ్ళిపోయేది. అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1978లో, ఒక కంప్యూటర్ల వ్యాపారి తమ సరుకు చూడరమ్మని సుమారు నాలుగు వందల మందికి ఒక్కసారే ఉత్తరం పంపి తిట్లు తిన్నాడు. ఆ నాలుగు వందలు ఇప్పుడు ఎన్ని కోట్లయ్యాయో మీ మెయిలు తెరిస్తే మీకే తెలుస్తుంది. అందుకని రెండు రుజువులు వచ్చాయి. ఒకటి, మా పేరుతో ఉత్తరాలు తెచ్చే హక్కు ఏ ఏ సర్వర్లకుందో మేమే ఒక వరుసలో రాసి లోకానికి కనిపించేట్టు వేలాడదీయడం. దీన్ని ఎస్‌పీఎఫ్ అంటారు. రెండోది, ప్రతి ఉత్తరంమీదా నకలు చేయలేని ముద్ర వేయడం, అది డీకిమ్. రెంటిలో ఒకటైనా ఉండి తీరాలని 2024 ఫిబ్రవరినుంచి జీమెయిలువారు గట్టిగా పట్టుకున్నారు.

మరి మా గోడమీద వరుస ఏమైంది? చూస్తే ఒకటి కాదు, రెండున్నాయి. ఆగస్టు మధ్యలో మేము ఇంటర్నెట్టు లైను మార్చాం. కొత్త లైనుకు కొత్త నంబరు. దాన్ని పాత వరుసలో కలపాలి. నేను హడావిడిలో పాతది అలాగే వదిలేసి, పక్కన ఇంకొకటి రాసి పారేశాను. ఒక ఇంటికి రెండు రేషను కార్డులుంటే ఏమవుతుంది? చిక్కొస్తుంది. ఇదీ అంతే, రెండు వరుసలుంటే అసలు వరుస లేనట్టేనని నిబంధన. అది నాకు తెలియనిది కాదు. తెలిసే చేశాను.

నెలన్నరపాటు ఎవరికీ అనుమానం రాలేదేం? ఉద్యోగులు రాసే ఉత్తరాలకు ముద్ర పడుతుంది, కనుక అవి బతికిపోయాయి. నియామకాల విభాగం ప్రోగ్రాము పంపేవి మాత్రం వేరే దారిన తిన్నగా గేటుకు వస్తాయి. వాటికి ముద్ర లేదు. వరుసా లేదు, ముద్రా లేదు. పోనీ, చేర్చలేకపోతే కబురు చేస్తానన్నది గదా సర్వరు? చేసింది పాపం, ప్రతిసారీ చేసింది. ఆ కబుర్లు వచ్చే చిరునామా "జవాబు ఇవ్వవద్దు" అనే పెట్టె. అందులో చెత్త పేరుకుపోతోందని రెండేళ్ళ క్రితం విసుక్కుని, అక్కడికి వచ్చినవన్నీ చదవకుండా చెరిపేయమని ఏర్పాటుచేసిన పెద్దమనిషి కూడా నేనే.

రెండు వరుసల్నీ ఒకటిగా కలపడానికి రెండు నిమిషాలు పట్టింది. పాత ప్రతి లోకంలో చెరిగిపోవడానికి గంట ఆగాలి. ఆ గంటలో గేటు చిట్టాలో 550లన్నీ లెక్కపెట్టాను. నలభై ఒకటి తేలాయి. పాత చిట్టాలు నాలుగు వారాలే ఉంచుతాను. అంతకు ముందువి ఎన్నో ఇప్పటికీ నాకు తెలియదు.

ఎనిమిదిన్నరకు నియామకాల అధికారికి ఫోను చేశాను. ఆయన చెప్పింది విని డాబామీదే కూలబడ్డాను. పదకొండుమందికి ఉత్తరాలు వేస్తే ఇద్దరే జవాబిచ్చారట. "ఈ కాలం పిల్లలకు ఉద్యోగమంటే లెక్కలేదండీ" అనుకుని, తక్కిన తొమ్మిది చోట్లకూ రెండో జాబితా సిద్ధం చేసుకున్నాడు. చేరవలసిన తేదీ సోమవారం. ఆ వేళ శుక్రవారం. ఆ ఇద్దరివీ జీమెయిలు చిరునామాలు కావు.

తప్పు నాదని చెప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పవలసి వచ్చింది, ఆయన నమ్మకపోవడంవల్ల. "మా సర్వరు దగ్గర తప్పుండదు" అని నేనే ఆయనకు ఇన్నాళ్ళూ నూరిపోశాను మరి! చివరకు రెండో జాబితా ఆపాడు. గంట గడిచాక ఉత్తరాలు మళ్ళీ పంపాం. ఈసారి గేటు చిట్టానే చూశాను. 250. అయినా నమ్మలేదు. డాబామీదినుంచి కిందికి కేకేశాను: "అమ్మా, ఒకసారి ఫోను చూడు!"

కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత లోపలినుంచి వాళ్ళమ్మ గొంతు, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా.

కిందికి దిగి, బావమరిది ముందూ అత్తగారి ముందూ పిల్లతో చెప్పాను, "నువ్వు చిరునామా తప్పు రాయలేదమ్మా. చెరిపేసుకోనూ లేదు. నేను చూడకుండా మాట్లాడాను." బావమరిది, "పోనీలే బావా, పండుగపూట ఆ ముచ్చటెందుకు" అన్నాడు. పిల్ల తలొంచుకుని ఫోనే చూస్తోంది.

తక్కినవాళ్ళకు ఆ రోజు నేనే ఒక్కొక్కరికీ ఫోను చేసి అందిందా అని అడిగాను. ఎనిమిదిమందిలో ఏడుగురికి అందింది, వస్తామన్నారు. జహీరాబాద్ వైపు కుర్రాడొకడు మాత్రం, ఎంపిక కాలేదనుకుని పదిరోజుల క్రితమే పూనా వెళ్ళి తక్కువ జీతానికి చేరిపోయాడు. ఏడాదిదాకా మానకూడదని కాగితం రాయించుకున్నారట. "పర్వాలేదు సార్" అన్నాడు. ఆ కుర్రాడి "పర్వాలేదు" నాకింకా చెవుల్లోనే ఉంది.

సోమవారం పిల్లను మేమే వెంటబెట్టుకుని వెళ్ళాం. ఇప్పుడు తిరిగివచ్చిన ఉత్తరాల కబుర్లన్నీ నా ఫోనుకే వస్తాయి. తెల్లవారగానే కాఫీకంటే ముందు అవి చూస్తానని మా ఆవిడ దెప్పుతోంది. ఆ విభాగం ఉత్తరాలకూ ముద్ర పడుతోంది.

చేరిన వారానికి పిల్ల మధ్యాహ్నం భోజనాల వేళ మా గదికి వచ్చింది. "మామా, నా ఉత్తరం ఏడ ఆగిందో ఒకసారి చూపిస్తరా?" అంది. దాచి ఉంచిన చిట్టా తీసి ఆ వాక్యం చూపించాను. తేదీ, గంటా నిమిషాలు, తన చిరునామా, 550. వేలుపెట్టి రెండుసార్లు చదువుకుంది.

"బాపుకు మీరు ఫోన్ల చెప్పిన దినం, ఇది ఇట్లనే ఉండె గదా మామా?"

"ఉందమ్మా" అన్నాను.