ఆటలు పుట్టిన ఆసుపత్రి

లండనులో రైలెక్కితే సుమారు గంటలో స్టోక్ మాండెవిల్ అనే పల్లె చేరవచ్చును. అక్కడ చూడవలసింది ఒక ఆసుపత్రి.

ఒకప్పుడు వెన్నెముక విరిగిన సైనికులు మంచాన పడి, ఒంటినిండా పుండ్లు పడి, త్వరలోనే చనిపోయేవారు. 1944లో ఇక్కడికి వచ్చిన డాక్టరు గుట్‌మన్ వారిని రెండేసి గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టించాడు. తరువాత ఆటనే మందుగా వాడాడు. విల్లు లాగితే భుజాలకూ, వీపుకూ బలం వస్తుంది కదా!

1948 జూలై 29న, లండనులో ఒలింపిక్స్ ప్రారంభమైన రోజే, ఈ ఆసుపత్రి పచ్చికమీద 16 మంది చక్రాల కుర్చీలలో కూర్చుని విలువిద్యలో పోటీపడ్డారు. 1960లో రోములో 23 దేశాలవారు ఆడారు. అవే తొలి పారాలింపిక్స్. 2024 పారిస్ పారాలింపిక్స్ జ్యోతిని ఈ ఊళ్ళోనే వెలిగించారు.

మీ బడిలో ఎవరైనా నడవలేక, గట్టుమీద కూర్చుని మీ ఆట చూస్తున్నారా? వెళ్ళి వారి చేతికి బంతి ఇవ్వండి.